బస్సు వెనక ముఖం

పోస్టరు తడి ఇంకా ఆరలేదు. డ్రైవరు దాన్ని తెచ్చి, భార్య సంచుల కోసం కత్తిరించి పెట్టుకున్న గుడ్డల మీద పరిచాడు. నీళ్ళు కొట్టి, పాత బ్లేడుతో గీకి ఊడదీసేసరికి నాలుగు ముక్కలైంది. ఒక ముక్కలో రెండు జడలు, ఒక ముక్కలో నవ్వు. ముక్కలన్నీ దగ్గరికి జరిపితే వాళ్ళ చిన్న కూతురు.

"చదువు," అన్నాడు.

బడిలో కుట్టు టీచరైన భార్య మిషను చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు. తెల్లారితే బడిలో మేళా. ఇంకా పదిహేను సంచులకి పిడులు కుట్టాలి.

"చదవవేం? టీచరువి కదా. చదివితే విని ఆనందిస్తాను."

"అందులో ఏముందో నాకు తెలుసు."

"నేననేదీ అదే. నీకు తెలుసు. నీ పెద్ద కూతురికి తెలుసు. నా బస్సెక్కిన ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ తెలుసు. ఐదు రోజులుగా ఆ బస్సు నడుపుతున్న వెధవకి తప్ప లోకమంతా తెలుసు!"

బస్సు నడిపేవాడికి ఊళ్ళో ప్రతి గుంటా కనిపిస్తుంది గానీ తన బస్సు వెనక భాగం మాత్రం కనపడదు. పిల్లల ఆసుపత్రి కోసం బడి వాళ్ళు మేళా పెడుతున్నారని డిపో వాళ్ళు నలభై బస్సుల వెనక చోటు ఉచితంగా ఇచ్చారు. ఆదివారం బస్సులు కడిగాక కూలివాళ్ళు వరసగా అంటించుకుంటూ పోయారు. ఏ బస్సు ఎవరిదో, కాగితం మీద నవ్వుతున్న పిల్ల ఎవరి పిల్లో వాళ్ళకేం తెలుసు?

కండక్టరుకి తెలుసు. సోమవారం పొద్దున్నే చూశాడు. చూసి, మింగలేక కక్కలేక, "వెనక టైర్లు నేను చూశాలే అన్నా, నువ్వెక్కు," అంటూ ఐదు రోజులు డ్రైవర్ని బస్సు వెనక్కి వెళ్ళనివ్వలేదు. మిగతా బస్సులు ఆయనకి ఎదురొచ్చేవే గానీ ముందు నడిచేవి కావు. జాలి మనిషి. ఆ జాలే కొంప ముంచింది.

ఈ మధ్యాహ్నం ఆఖరి స్టాపులో ఒక ముసలామె దిగి, చుట్టూ తిరిగి డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి, స్టీరింగు మీదున్న చెయ్యి పట్టుకుంది. "నీ బస్సు మీది పాపకి ఎలా ఉంది నాయనా?" అంది. అప్పుడు దిగి చూశాడు.

"ఈ పాపకి ఏడాదే ఉంది." ఆ వాక్యాన్ని చదవకుండానే అప్పజెప్పాడు డ్రైవరు. "ఎవరన్నారా మాట?"

మిషను ఆగింది.

"నిన్నే అడుగుతున్నాను. ఎవరన్నారు?"

"డాక్టరుగారు."

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది. ఆ రోజు మీరు డ్యూటీలో ఉన్నారు."

"ఆ రోజు డ్యూటీలో ఉన్నాను, సరే. ఆ తర్వాత ఇరవై రోజులూ డ్యూటీలోనే ఉన్నానా? ఇంటికొచ్చి నీ పక్కన కూర్చుని తినలేదూ?"

ఆమె దారం కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"చెబితే మీరు బండెలా నడుపుతారు?" అంది చివరికి. "అరవై మంది కూర్చునే బస్సు. తెలిసినప్పట్నించీ నాకు సూది ఎక్కడ దిగుతోందో తెలీటం లేదు. ఇదిగో వేలు చూడండి. మీ చేతిలో ఉండేది సూది కాదు."

"నన్ను కాపాడావా అయితే? మంచిది. ఊళ్ళోవాళ్ళ చేత చెప్పించావు."

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. అయితే ఆయన చేసిందీ తక్కువేం కాదు. నాలుగు నెలలుగా పిల్ల ఆసుపత్రిలో ఉంటే, డిపోలో అడిగినవాళ్ళందరికీ కామెర్లు, తగ్గిపోతాయి అని చెబుతూ వచ్చాడు. కన్నతల్లికి రక్తం తక్కువ అని చెప్పాడు. ఈ ఇంట్లో అబద్ధం ఎవరూ చెడ్డతనంతో ఆడలేదు. ఒకరి కోసం ఒకరు ఆడుకున్నారు, అంతే.

పెద్దది గుమ్మంలో నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి. మేళాకి పిల్లల తరఫున పెద్దరికం దానిదే.

"నేను రాశాను నాన్నా," అంది. "అమ్మని కాదు, నన్ను తిట్టు."

"నువ్వా?"

"మొదటి పోస్టరు మీద ఆసుపత్రి బొమ్మ వేశాం. ఎవరూ కన్నెత్తి చూడలేదు. మా బడి పిల్లల అమ్మానాన్నలే ముందుకు రాలేదు. మొహం ఉంటేనే జనం ఆగుతారు నాన్నా. చెల్లి మొహం పెట్టాక పదకొండు బడులు కలిశాయి."

"దాని మొహం పెట్టి అమ్ముకున్నారు."

"అమ్ముకున్నాం!" కుట్టు టీచరు లేచి నిలబడింది. ఒళ్ళోని సంచులన్నీ నేల మీద పడ్డాయి. "అవును, అమ్ముకున్నాం. ఆసుపత్రిలో దాని పక్క మంచం మీది బొద్దుగాడు ఎలా పోయాడో మీకు తెలుసా? జబ్బుతో కాదు. జలుబుతో పోయాడు. ఎవరో దగ్గుతూ చూడ్డానికొచ్చారు, వాడికి అంటుకుంది, మూడు రోజుల్లో పోయాడు. గాలి వడగట్టి పంపే గాజు గది ఒకటి కావాలి. నాలుగు మంచాలు పట్టేది. అది ఉంటే పెద్ద వైద్యం చెయ్యొచ్చన్నారు. లేకపోతే ఏడాదన్నారు. ఏడాదే అన్నారండీ! నన్ను మొహం దాచుకుని కూర్చోమంటారా?"

డ్రైవరు ముక్కలని మళ్ళీ దగ్గరికి జరిపి, పై నుంచి కిందిదాకా వెతికాడు.

"గాజు గది మాట ఇందులో ఎక్కడుంది?" అన్నాడు.

"కిందుంది నాన్నా," పెద్దది వచ్చి వేలు పెట్టి చూపించింది. "'గాజు గది ఉంటే ఈ పాపా, ఇలాంటి పిల్లలూ బతుకుతారు. శనివారం మా బడికి రండి.'"

"ఇంత చిన్నగా రాస్తే ఎవడు చదువుతాడు?"

"పై లైను పెద్దగా ఉంటేనే దూరానికి కనిపిస్తుందని..." పెద్దది తల్లి వైపు చూసింది. తల్లి చూపు తిప్పుకుంది. ఆ సలహా ఆమెదే. బట్ట మీద పూలు కుట్టేటప్పుడు పెద్ద పువ్వు పైన, చిన్నవి కింద అని ముప్పై మంది పిల్లలకి నేర్పే మనిషి.

వంటింటి తలుపు దగ్గర గాజులు కదిలిన చప్పుడైంది. నానమ్మ.

ఆవిడ ఎంతసేపటినుంచి నిలబడిందో ఎవరూ చూసుకోలేదు. అక్షరం ముక్క రాదు గానీ ఆవిడ చెవులు చాలా పదును. బల్ల దగ్గరికొచ్చి, మనవరాలి నవ్వున్న ముక్కని చీరకొంగుతో అద్దింది.

"వసపిట్టే," అంది. పుట్టిన రెండేళ్ళకే వాగుడుతో ఇల్లెగరగొట్టే ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది ఆవిడే. రానురాను వస పోయి పిట్ట మిగిలింది. "ఏం రాశారమ్మా దీని మీద?"

డ్రైవరు మిగతా ముక్కలని తన వైపు లాక్కున్నాడు.

"ఒరేయ్, నిన్నేరా."

"ఏం లేదమ్మా. బడి మేళా గురించి."

"మేళా గురించయితే అంత కేకలెందుకురా? ఇంతమంది చదువుకున్నవాళ్ళున్న ఇంట్లో నాలుగు ముక్కలు చదివిపెట్టే దిక్కు లేదా నాకు?" ఆవిడ పెద్దదాని వైపు తిరిగింది. "నువ్వు చదవవే. నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

పెద్దది తండ్రిని చూసింది, తల్లిని చూసింది. ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. తను రాసిన వాక్యం, వారం పాటు ఎలా ఉంటే జనం ఆగుతారా అని దిద్ది దిద్ది రాసిన వాక్యం, ఇప్పుడు దాన్ని పైకి చదవాల్సొచ్చింది.

"ఈ పాపకి..." వేలితో ఆ లైను వెతికి పట్టుకుంది. "ఈ పాపకి ఏడాదే ఉంది నానమ్మా."

నానమ్మ ఏడవలేదు. నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది. చాలాసేపు కొంగుని మడతపెట్టి విప్పి మడతపెట్టింది. తర్వాత లేచి వెళ్ళి, అలమర అడుగునుంచి ఒక చిన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"నా బలం మాత్రలు. దానికి రక్తం తక్కువన్నారుగా. రోజుకొకటి మింగినట్టు నటించి దాచాను. పిట్ట ఇంటికి రాగానే ఇద్దామని."

డ్రైవరు డబ్బా మూత తియ్యలేదు. గట్టిగా అరిచి ఉంటే బాగుండేదేమో. గోడకి తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కుట్టు టీచరు దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయింది. ఆయన భుజం మీద చెయ్యి వేసే హక్కు ఈ పూట తనకి లేదనుకుంది.

కాసేపటికి ఆయనే మొహం తుడుచుకున్నాడు.

"మేళా ఆపమనను," అన్నాడు. "ఆ మిగతా ముప్పై తొమ్మిది బస్సుల జోలికీ పోను. నా బస్సు మీద మాత్రం మళ్ళీ అంటిస్తే ఊరుకోను. దాన్ని వెనకేసుకుని నేను తిరగలేను."

"సరే."

"ఇంకొకటి. పిట్టకి తెలీకూడదు. ఈ ఏడాది మాట దాని చెవిన పడకూడదు. ఎవరి నోటి వెంట వచ్చినా సరే."

"ఆ జాగ్రత్త ముందే తీసుకున్నామండీ," అంది కుట్టు టీచరు. "ఆసుపత్రిలో ఒక్క పోస్టరు కూడా పెట్టొద్దని పెద్ద టీచరమ్మ చేత రాయించి పంపాను. దాని క్లాసు పిల్లలు రాసిన కార్డులన్నీ నేనే చదివి పంపుతున్నాను. ఒక దాంట్లో 'తొందరగా లేచి రా' అనుంటే, అది కూడా తీసేశాను."

"నేనూ చెప్పను నాన్నా."

"నేను గోడనే కదా," అంది నానమ్మ. "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు, ఇప్పుడు నేనెవరికి చెబుతాను?"

నాలుగు నెలల్లో ఆ నలుగురూ ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

శనివారం ఉదయం పదిన్నరకల్లా బస్సు ఆసుపత్రి రోడ్డు ఎక్కింది. వెనక రేకు మీద జిగురు మరక నలుచదరంగా తెల్లగా ఉంది. ఎంత గీకినా పోలేదు.

"అన్నా, నా మీద కోపమా?" కండక్టరు పక్కకొచ్చి నిలబడ్డాడు.

"టికెట్లు కొట్టు."

"కొట్టేశాను. చెబుదామని రోజూ అనుకున్నాను. నీ మొహం చూసేసరికి..."

"నా మొహం చూసి అందరూ జాలిపడినవాళ్ళే. వెళ్ళి వెనక తలుపు దగ్గర నిలబడు."

ఆసుపత్రి రోడ్డులో హారను కొట్టకూడదు. అందుకని తండ్రీకూతుళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. రోజూ పదీ నలభైకి పిట్ట మూడో అంతస్తు కిటికీలో కూర్చుంటుంది. బస్సు గేటు దాటి, సరిగ్గా ఆ కిటికీ కింద స్టాపులో ఆగుతుంది. ఆగేముందు, వాన ఉన్నా లేకపోయినా, డ్రైవరు అద్దం తుడిచే వైపర్లని రెండుసార్లు ఆడిస్తాడు. పిట్ట పసుపు తువ్వాలు ఊపుతుంది. ఎండలో వైపర్లాడించే పిచ్చి డ్రైవరని ప్రయాణికులు నవ్వుకునేవారు. ఈ వారం మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకో ఆయనకి నిన్న తెలిసింది.

ఇవాళ కూడా వైపర్లు రెండుసార్లు ఆడాయి. పసుపు తువ్వాలు ఊగింది. హమ్మయ్య అనుకున్నాడు. దానికేం తెలీదు.

ముగ్గురు దిగారు, ఒకావిడ పిల్లని ఎత్తుకుని ఎక్కింది. బస్సు కదిలాక పక్క అద్దంలో చూశాడు. మామూలుగా బస్సు మలుపు తిరిగేదాకా తువ్వాలు ఊగుతూనే ఉంటుంది. ఇవాళ సగంలో ఆగిపోయింది. చెయ్యి నొప్పేమో అనుకున్నాడు.

డ్యూటీ దిగి మూడింటికి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ వార్డులోకి రోజుకి ఒక్క మనిషినే పంపిస్తారు, అదీ రెండు గంటలు. శనివారం ఆయన వంతు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆకుపచ్చ గౌను తొడుక్కున్నాడు.

పెద్ద నర్సమ్మ గౌను ముడి వేస్తూ, "మీ పిట్ట ఈ వారం కూత మానేసింది సార్," అంది.

"మా ఆవిడ మంగళవారం వచ్చినప్పుడు చూసిందట. మందుల వల్లేమో అంది."

"మందులు పాతవే. సోమవారం నుంచీ ఇలాగే ఉంది. అంతకుముందు ఆ కిటికీలోంచి కనపడ్డ బోర్డునల్లా పైకి చదివి మా ప్రాణాలు తీసేది. మందుల షాపు, చెప్పుల షాపు, బస్సుల నంబర్లు. ఇప్పుడు ఏమీ చదవదు. గోడ క్యాలెండర్ కావాలంది, ఇచ్చాను. ఏడాదికి ఎన్ని రోజులు ఆంటీ అనడిగింది. లెక్కలు చేసుకుంటోంది కాబోలు, మంచిదేలే అనుకున్నాను."

డ్రైవరు వార్డు తలుపు పట్టుకుని ఆగాడు. కాదు, కాదనుకున్నాడు. పోస్టర్లు ఇక్కడ లేవు. కార్డులన్నీ వాళ్ళమ్మ చదివే పంపింది. దానికెవరు చెబుతారు?

పిట్ట మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నున్నటి తల మీద పసుపు తువ్వాలు కప్పుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, ఐదేళ్ళదానిలా అయిపోయింది.

"ఏమ్మా పిట్టా, ఇవాళ తువ్వాలు సగంలో ఆపేశావేం? నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను."

పిట్ట తండ్రి మొహంకేసి, గుడ్డ పైన కనిపిస్తున్న కళ్ళకేసి చూసింది.

"నానమ్మ దగ్గు తగ్గిందా?"

"తగ్గింది. నిన్ను అడిగానని చెప్పమంది."

"అక్క?"

"అక్క బడిలో ఉంది. మేళా కదా ఇవాళ." జేబులో ఫోను కదిలింది. తీసి చూశాడు. పెద్దది పంపిన ఫొటో. బడి మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. సంచుల బల్ల వెనక కుట్టు టీచరు నిలబడి ఉంది, నవ్వటం లేదు. ఫొటో కింద ఒకటే మాట ఉంది: "గది వచ్చేస్తుంది నాన్నా!"

గుండెల మీంచి బరువు దిగిందనుకున్నాడు. కూతురికి చూపించబోయి, ఫొటోలో వెనకాల గోడ మీద అదే పోస్టరు కనిపించి చటుక్కున ఫోను జేబులో పెట్టేశాడు.

"చూపించు," అంది పిట్ట.

"ఏం లేదమ్మా. అక్క స్నేహితులు."

పిట్ట దిండు కింద చెయ్యి పెట్టి క్యాలెండర్ తీసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు గడుల్లో ఐదు అడ్డగీతలు. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి, నీటుగా కొట్టి ఉన్నాయి.

"ఇవేంటమ్మా?"

"నాన్నా, రోజూ నీ బస్సు ఆగినప్పుడు నేను చూస్తాను కదా."

"చూస్తావు."

"వెళ్ళిపోయేటప్పుడు వెనక కనిపిస్తుంది కదా."

ఆయన కిటికీకేసి చూశాడు. కింద స్టాపులోంచి ఇంకో బస్సు అప్పుడే కదిలి వెళ్తోంది. మూడో అంతస్తు నుంచి దాని వెనక భాగం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తోంది. రెండు జడలు, నవ్వు, పైన పెద్ద అక్షరాల్లో నాలుగు మాటలూ స్పష్టంగా ఉన్నాయి. వాటి కింద చిన్న అక్షరాలేవో ఉన్నట్టు తెలుస్తోంది. అవి మాత్రం చదవడానికి రావటం లేదు.

"సోమవారం చూశాను," అంది పిట్ట. "ఏడాది అంటే మూడువందల అరవై ఐదని నర్సాంటీ చెప్పింది. నేను రోజూ ఒకటి కొట్టేస్తున్నాను. ఐదే అయ్యాయి. ఇంకా బోలెడున్నాయి." వేలితో మిగతా గడులు చూపించి, పేజీలు తిప్పింది. "ఇదిగో, ఇంకా ఇన్ని."

"పిట్టా..."

"మరి ఇవాళ నీ బస్సు వెనక నేను లేనుగా. తీసేశారుగా." తువ్వాలు జారిపోతే సర్దుకుని, దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఏడాది అయిపోయిందా నాన్నా?"

ఆయన క్యాలెండర్ మూసి, ఆ చిన్న చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"చెప్పు నాన్నా," అంది పిట్ట. "నేను అమ్మకి చెప్పనులే."